నెమరు వేసుకున్నారట!

మొన్న జిల్లా ఎడిషన్‌లో మా పదో తరగతి బ్యాచ్ ఫోటో పడింది. నాలుగో పేజీలో కింద, రక్తదాన శిబిరం వార్తకీ విత్తనాల షాపు ప్రకటనకీ మధ్యన ఇరికించారు. మగాళ్ళంతా ఒకే రంగు టీషర్టులు, ఆడవాళ్ళంతా ఒకే రంగు చీరలు, అందరూ బొటనవేళ్ళు పైకెత్తి నవ్వుతున్నారు. వెనక వరసలో ఎడమ నుంచి మూడోవాడు నేనే, పొట్ట లోపలికి లాక్కుని ఊపిరి బిగబట్టి ఉన్నాను కాబట్టి మొహం అలా ఉంది. హెడ్డింగు "ముప్పై ఏళ్ళ తర్వాత ఒక్కచోట". కింద ఆరు వాక్యాల వార్త. ఐదు వాక్యాల దాకా బానే చదివాను, ఆరోదాని దగ్గర చేతిలో కాఫీ పక్కన పెట్టేశాను. "నాటి మధుర స్మృతులను నెమరువేసుకున్నారు" అంట.

నెమరు. ఈ మాట మీరు కనీసం వందసార్లు చదివుంటారు. సంక్రాంతికీ ఎండాకాలం సెలవులకీ ఏ ఊరి పేపరు తీసినా ఏదో ఒక పదో తరగతి బ్యాచ్ ఎక్కడో ఒకచోట నెమరు వేస్తూనే ఉంటుంది. ఇంతమంది ఇంత శ్రద్ధగా చేస్తున్న పని గురించి శాస్త్రీయంగా తెలుసుకోకపోతే తప్పనిపించి మా వీధిలో ఉండే పశువుల డాక్టరు గారిని అడిగాను. ఆయన చాలా ఓపిగ్గా చెప్పాడు. ఆవు, గేదె, గొర్రె, మేక వీటికి నాలుగు గదుల పొట్ట ఉంటుందండీ, మేసేటప్పుడు సరిగా నమలకుండా గబగబా మింగేస్తాయి, తర్వాత తీరిగ్గా నీడన పడుకుని దాన్నే మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని నములుతాయి, రోజుకి ఏడెనిమిది గంటలు ఇదే పని అన్నాడు. మింగినవన్నీ అలా పైకి వచ్చేస్తాయా అండీ అనడిగా. అన్నీ రావు, గడ్డితో పాటు మేకులూ తీగముక్కలూ కూడా మింగేస్తుంటాయి కదా, అవి మాత్రం నెమరుకి రావు, రెండో గదిలో కింద ఉండిపోతాయి, ఒక్కోసారి అక్కడినుంచే గుండెకి గుచ్చుకుంటాయి అన్నాడు. మనుషులు నెమరు వేస్తే ఏం చెయ్యాలండీ అంటే, దానికి వేరే డాక్టరు ఉంటాడు అని గేటు వేసుకున్నాడు.

సరే, ఆ వార్త సంగతికొద్దాం. మీరు చదివిన వార్తలన్నీ ఒకలాగే ఉంటాయెందుకని మీకెప్పుడైనా డౌటొచ్చిందా? ఫలానా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఫలానా విద్యాసంవత్సరంలో పదో తరగతి చదివిన విద్యార్థులు ఆదివారం ఆత్మీయ సమ్మేళనం నిర్వహించారు, ఒకరినొకరు ఆప్యాయంగా పలకరించుకున్నారు, యోగక్షేమాలు అడిగి తెలుసుకున్నారు, అనంతరం విద్యాబుద్ధులు నేర్పిన గురువులను ఘనంగా సత్కరించారు, రోజంతా ఆనందంగా గడిపారు. మా కార్యక్రమం ఆదివారం. ఈ వార్తని మా వాట్సాప్ గ్రూపు అడ్మిన్ గారు శనివారం సాయంత్రం ఆరున్నరకి టైప్ చేసి "ఒకసారి చూడండి, పేపరాయనకి పంపాలి" అని గ్రూపులో పెట్టాడు. అంటే మేమింకా ఒకరినొకరం పలకరించుకోకముందే ఆప్యాయంగా పలకరించుకున్నాం, గురువుగారింకా ఇంట్లో మజ్జిగన్నం తింటూండగానే సత్కారం అందుకుని భావోద్వేగానికి లోనయ్యారు. గ్రూపులో ఒకడు "ఆనందంగా బదులు ఆనందోత్సాహాలతో అని పెట్టు మావా" అన్నాడు. పెట్టారు.

ఇప్పుడు గ్రూపు గురించి. 1995-96 బ్యాచ్ మాది, పల్నాడు, రెంటచింతలకి దగ్గర్లో ఊరు. ఎండాకాలం వార్తల్లో రెంటచింతల పేరు వినే ఉంటారు, ఎంతెంత ఎండలుంటాయో వేరే చెప్పక్కర్లేదు, ఈ విషయం గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది. పదకొండు పేపర్లు, ఆరొందల మార్కులు, హిందీలో 20 వస్తే పాస్ అనే ప్రభుత్వం వారి దయ మీద గట్టెక్కిన బ్యాచ్. గ్రూపులో ఎంత ఆత్మీయత ఉన్నా మార్చి వాళ్ళు, సెప్టెంబర్ వాళ్ళు అని రెండు కులాలు ఇప్పటికీ ఉన్నాయి, 360 దాటి ఫస్ట్ క్లాస్ వచ్చినవాళ్ళు అగ్రవర్ణం, వాళ్ళ గుడ్ మాణింగ్‌కి లైకులు ఎక్కువ. జూలై 1 వచ్చిందంటే గ్రూపు హ్యాంగ్ అయిపోద్ది. ఎందుకంటే మాలో సగం మంది ఆ రోజే పుట్టారు. బళ్ళో వేసేటప్పుడు పుట్టిన తేదీ అడిగితే మా అమ్మలు "గాలివాన వచ్చిన ఏడు, కోతలప్పుడు" అని చెప్పేవాళ్ళు, మాస్టారు పిల్లోడి ఎత్తు చూసి, వయసు సరిపోయేట్టు లెక్కేసి, జూలై 1 అని రాసుకునేవాడు. అలా ఒకే కలంతో ఒకే రోజు పుట్టిన మేము ఆ రోజు ఒకరికొకరం కేకు బొమ్మలు పంపించుకుంటూ సాయంత్రం దాకా ఉక్కిరిబిక్కిరైపోతాం, నాకు కూడా వస్తాయి, నేను నిజానికి సంక్రాంతికి పుట్టానని మా అమ్మ చెప్పేది.

మనమంతా ఒకే కుటుంబంలా పెరిగాం, ఇది అడ్మిన్ గారి ఊతపదం. ఏ కుటుంబం నాయనా? మా బడిలో ఐదేళ్ళూ ఆడపిల్లలు ఒక పక్క మగపిల్లలు ఒక పక్క, మధ్యలో సందు. ఆరు నుంచి పది దాకా ఒక ఆడపిల్లతో నేను మాట్లాడింది మొత్తం కలిపి "సైన్స్ నోట్సు" అనే రెండు మాటలు, దానికి కూడా నెలరోజులు వెనక బెంచీ వాళ్ళు ఈలలేశారు. అలాంటి మాకు ఇప్పుడు వాళ్ళని నువ్వు అనాలో మీరు అనాలో తెలీదు. సమ్మేళనంలో ఒకాయన ఒకావిడ దగ్గరికెళ్ళి "ఏమ్మా బాగున్నావా అండీ" అన్నాడు, సరిగ్గా ఈ మాటే, నా చెవులారా విన్నాను. వాళ్ళని గ్రూపులోకి తేవడం కూడా మామూలు విషయం కాదు. ఇంటిపేర్లు మారిపోయాయి, ఊళ్ళు మారిపోయాయి, నంబరు దొరికితే అది భర్తగారి నంబరు. అడ్మిన్ ఫోన్ చేసి "సార్ నమస్తే సార్, మీ మిసెస్ మా క్లాస్‌మేట్ అండీ" అని పర్మిషన్ అడగాలి. ఇద్దరు భర్తలు వద్దన్నారు. ఒకాయన ఆవిడ బదులు తనే గ్రూపులో చేరాడు, ఇప్పుడు మా అందరికంటే ఆయనే యాక్టివ్, మా లెక్కల మాస్టారి జ్ఞాపకాలు మాకన్నా బాగా చెప్తాడు.

కార్యక్రమం మే నెలలో పెట్టారు. ఎందుకు మే అంటే డల్లాస్ నుంచి వచ్చేవాడికి అప్పుడే టికెట్లు కుదిరాయి. బడి ఆవరణలోనే పెట్టాలని పట్టుబట్టింది కూడా వాడే, ఆ మట్టివాసన కావాలంట. మట్టి ఆ రోజు వాసన రాలేదు, కాలింది. షామియానా కింద ఇరవై కుర్చీలు, రెండు కూలర్లు, రెండిట్లో ఒకటి డీజే బాక్సుల వైపు తిప్పి పెట్టారు, అవి వేడెక్కితే ఖరాబవుతాయంట. ఒకళ్ళనొకళ్ళం గుర్తుపట్టడానికే గంట పట్టింది. టెన్త్ సర్టిఫికెట్లో మా అందరికీ రెండేసి పుట్టుమచ్చలు రాసి ఉంటాయి కదా, అవి చూసుకుంటే తప్ప తేలని కేసులు కొన్ని ఉన్నాయి, కానీ ఆ మచ్చలు ఉన్న చోట్లు ఈ వయసులో చూపించుకునేవి కావు.

ఇక సన్మానం. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం నెమరు అన్నాను గానీ, మనసులో ఉన్నది ఈ శాలువాలే అనుకుంటా.

గురువుల్లో ముగ్గురు మిగిలారు. ఇద్దరు రాలేమన్నారు, తెలివైనవాళ్ళు. లెక్కల మాస్టారు మాత్రం వచ్చారు. ఎనభై దాటాయి, తెల్లపంచె, చెవిలో మిషను, చేతికర్ర. మనవడు బండి మీద దింపి "తాతయ్యకి ఎండ పడదండీ, గంటలో పంపించేయండి" అని చెప్పి వెళ్ళాడు. గేటు నుంచి స్టేజీ దాకా రెండు వరసల్లో నిలబడి బంతిపూలు చల్లాం, డప్పులు వాయించాం, ఆయన చెవి మిషను తీసి జేబులో పెట్టుకున్నారు. స్టేజీ మీద సింహాసనం లాంటి కుర్చీ, పెళ్ళిళ్ళకి వేస్తారు చూడండి ఎర్ర మఖమల్‌ది, అందులో కూర్చోబెట్టారు. అందరి తరఫునా ఒకే శాలువా కప్పాలని ముందు అనుకున్నాం, తీర్మానం కూడా అయింది. కానీ అప్పుడు ఫోటోలో ఎవరు పట్టుకోవాలి అన్న దగ్గర గొడవ వచ్చి, డల్లాస్ వాడికీ రియల్ ఎస్టేట్ వాడికీ మాటా మాటా పెరిగి, చివరికి ఎవరి శాలువా వాళ్ళు తెచ్చుకునేట్టు రాజీ కుదిరింది. రాజీ వాళ్ళిద్దరికీ కుదిరింది గానీ మాస్టారిని ఎవరూ అడగలేదు.

మొదటి శాలువా పడింది, చప్పట్లు. రెండోది. మూడోది. పల్నాడులో మే నెల పన్నెండున్నర గంటలకి, పట్టులా మెరిసే ఆ పాలిస్టర్ శాలువాలు, జరీ అంచువి, ఒకదాని మీద ఒకటి. ఒక్కొక్కరూ కప్పడం, దండం పెట్టడం, ఫోటోగ్రాఫర్ "సార్ ఇటు చూడండి సార్, అన్నా నువ్వు కొంచెం నవ్వు" అనడం, డ్రోను ఒకటి పైన ఈగలా తిరగడం. తొమ్మిదో శాలువాకి మాస్టారి భుజాలు కనపడ్డం మానేశాయి. పన్నెండోదానికి కళ్ళజోడు, ముక్కు మాత్రమే మిగిలాయి, మిగతాది ఒక బట్టల మూట. పదిహేనోవాడు వచ్చి ఎక్కడ కప్పాలో తెలీక మోకాళ్ళ మీద కప్పాడు, దాన్ని కూడా ఫోటో తీశారు. అప్పుడు మా అడ్మిన్ గారికి మహత్తరమైన ఆలోచన వచ్చింది. వెనకాల ఒకణ్ణి నిలబెట్టి, ముందు నుంచి కొత్త శాలువా పడగానే వెనక నుంచి పాతది లాగెయ్యమన్నాడు. ఇరవైదాటాక గమనించాను, లాగిన శాలువాలే మళ్ళీ లైన్లో ఉన్నవాళ్ళకి అందుతున్నాయి. తేవడం మర్చిపోయినవాళ్ళకి, మనిషికి యాభై రూపాయల చొప్పున.

మధ్యలో మాస్టారు ఏదో అంటున్నారు. మూటలోంచి వినపడట్లేదు. ఎవడో గబగబా మైకు నోటి దగ్గర పెట్టాడు. మేమంతా లేచి నిలబడ్డాం, గురువుగారి ఆశీర్వచనం కదా. మైకులో స్పష్టంగా వినిపించింది:

"ఆ ఫ్యాను ఇటు తిప్పండ్రా."

రెండు నిమిషాలు చప్పట్లు మోగాయి. కొందరికి కళ్ళనీళ్ళొచ్చాయి. డీజే వాడు బ్యాక్‌గ్రౌండ్‌లో వేణువు మ్యూజిక్ వేశాడు. ఫ్యాను మాత్రం ఎవరూ తిప్పలేదు, ఎందుకంటే అందరూ వీడియో తీస్తున్నారు. తర్వాత నీళ్ళు అడిగారు. నీళ్ళ సీసా తెచ్చినవాడు సీసా ఇచ్చే ముందు ఫోటోగ్రాఫర్ వైపు తిరిగాడు. ఆ సీసా మూత తియ్యలేదు కూడా. ఆఖర్న జ్ఞాపిక ఇచ్చాం, అద్దాల ఫ్రేము, లోపల మా బ్యాచ్ ఫోటో. అందులో ఆయన లేరు. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కనున్న అడ్మిన్‌ని "నువ్వు కిరాణా కొట్టు ఆయన కొడుకువి కదూ" అనడిగారు. కాద్సార్ అన్నాడు. "అయితే పోస్టుమాన్ గారబ్బాయివా?" కాద్సార్ అన్నాడు, గొంతులో తడి ఆరిపోతుండగా. ప్రతి టీచర్స్ డేకి ఈయన ఫోటో డీపీ పెట్టుకునేవాడు మా అడ్మిన్.

ఇక్కడిదాకా నవ్వుకునే విషయమే, నేను కూడా నవ్వాను. తర్వాత బెత్తం వచ్చింది.

డల్లాస్ వాడు కొత్త బెత్తం ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాడు. ఐడియా ఏంటంటే, మేమంతా చిన్నప్పటిలా లైనుగా చేతులు చాపి నిలబడతాం, మాస్టారు ఒక్కొక్కణ్ణి కొడుతూ వెళ్తారు, స్లో మోషన్‌లో రీలు తీస్తారు. మాస్టారి చేతిలో బెత్తం పెట్టారు. చెయ్యి వణుకుతోంది. మొదటివాడు చెయ్యి చాపాడు. మాస్టారు వాణ్ణి చూసి, "ఏం చేశావురా?" అన్నారు. "ఏం చెయ్యలేద్సార్, రీలుకి" అన్నాడు. "ఏం చెయ్యకుండా కొట్టడమేంట్రా" అన్నారాయన.

ఎనభై ఏళ్ళు దాటాక ఆయనకి ఆ ప్రశ్న వచ్చింది. నేను ఆయన్ని తప్పు పట్టట్లేదు, ఆ కాలంలో అందరు మాస్టార్లూ అంతే, మా ఇంట్లోవాళ్ళే వచ్చి "చర్మం వలిచెయ్యండి మాస్టారూ, కళ్ళు మాత్రం వదిలెయ్యండి" అని చెప్పి వెళ్ళేవాళ్ళు. నా కోపం మా వాళ్ళ మీద. రీలు అయిపోయాక డల్లాస్ వాడు మైకు తీసుకుని "ఆ రోజు సార్ కొట్టిన దెబ్బలే ఈ రోజు నన్ను ఈ స్థాయిలో నిలబెట్టాయి" అన్నాడు. ఈల మోగింది. తర్వాత మైకు పట్టుకున్న ప్రతివాడూ అదే. గోడకుర్చీ వేయించారు కాబట్టి నేను ఎస్ఐ అయ్యాను, తొడపాశం పెట్టారు కాబట్టి నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, గుంజీలు తీయించారు కాబట్టి నాకు నరసరావుపేటలో మూడు ప్లాట్లున్నాయి. ఇప్పటి పిల్లల్ని కొట్టకూడదంట, అందుకే చెడిపోతున్నారు అని ఒక తీర్మానం కూడా చప్పట్లతో పాస్ చేశారు. బడిలో పిల్లల్ని కొట్టకూడదని 2009లో చట్టమే చేశారయ్యా, విద్యాహక్కు చట్టం, 17వ సెక్షన్, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది అని నేనన్నాను. "నువ్వెప్పుడూ ఇంతే" అన్నారు.

ఒక్కటి అడుగుతాను. నా పక్కన కూర్చునేవాడు ఒకడు ఉండేవాడు. అదే మాస్టారు, అదే బెత్తం, మా అందరికంటే వాడికే ఎక్కువ పడ్డాయి. దెబ్బల వల్లే పైకొస్తారన్న లెక్క నిజమైతే ఈపాటికి వాడు కలెక్టరో ఇంకా పైనో ఉండాలి. పల్నాడులో సంక్రాంతి దాటిందంటే మిరపకాయ కోతలు. వాళ్ళమ్మతో పాటు తెల్లారుజామున వెళ్ళి ఎండెక్కేదాకా కాయలు కోసి, అక్కణ్ణుంచి పరిగెత్తుకుంటూ బడికొచ్చేవాడు. మిరపకాయలు కోసిన చేతులు ఎలా ఉంటాయో మీకు తెలుసా? చేతులు కడిగినా పోదు, మంట సాయంత్రం దాకా ఉంటుంది, పొరపాటున కన్ను నలుపుకుంటే ఇక చచ్చారే. వాడు లెక్కలు చేసుకొచ్చేవాడు కాదు. ఎలా చేస్తాడు? చెయ్యి చాపమనేవాళ్ళు, చాపేవాడు. ఆ చేతుల మీద. నేను పక్కనే ఉండేవాణ్ణి, నాకు వినపడేది. దెబ్బ పడగానే వాడు చెయ్యి పొట్టలో దాచుకునేవాడు, తర్వాత రెండో చెయ్యి చాపేవాడు. ఏడ్చినప్పుడు చేత్తో కళ్ళు తుడుచుకోకూడదని వాడికి బాగా తెలుసు, చొక్కా భుజానికి తుడుచుకునేవాడు. తొమ్మిదో తరగతిలో ఒక ఫిబ్రవరిలో రావడం మానేశాడు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు, హాజరు పట్టీలో రెండు నెలలు ఆబ్సెంట్లు పడ్డాయి, తర్వాత పేరు కొట్టేశారు.

వాడు ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు. బడికి అరకిలోమీటరు దూరంలో. వాణ్ణి గ్రూపులో కలుపుదామని నేను రెండేళ్ళ క్రితం అన్నాను. అడ్మిన్ గారు చాలా మర్యాదగా రిప్లై ఇచ్చాడు: "బ్రదర్, మనది టెన్త్ బ్యాచ్ గ్రూప్, టెన్త్ ఎగ్జామ్ రాసినవాళ్ళు మాత్రమే అని రూల్ పెట్టుకున్నాం, ఒకళ్ళకి సడలిస్తే అందరూ అడుగుతారు." అందరూ అంటే ఎవరంటే, ఆరో తరగతిలో రెండు సెక్షన్లు ఉండేవాళ్ళం, పదికొచ్చేసరికి ఒక్క సెక్షనే మిగిలింది, ఆ మిగతా సెక్షను మొత్తం అన్నమాట. మూడు బొటనవేళ్ళు పడ్డాయి ఆ రిప్లై కింద. మరి అసలు ఈ బళ్ళోనే చదవని క్లాస్‌మేట్ భర్తగారిని ఎలా కలిపార్రా అని నేను టైప్ చేసి, తుడిపేశాను. అదీ నా ధైర్యం. చేదుగా ఉన్నవాళ్ళందరినీ రూలు పెట్టి బయట ఉంచేస్తే మిగిలిన స్మృతులు మధురంగా ఉండక చస్తాయా?

భోజనాల తర్వాత జ్ఞాపకాల కార్యక్రమం. తలా రెండు నిమిషాలు. మగాళ్ళు పుల్ల ఐసులు, ఉప్పూకారం జామకాయలు, ఇంకు పోసుకున్న చొక్కాలు, గోడ దూకి చూసిన సినిమాలు అన్నీ చెప్పారు. ఆడవాళ్ళ వంతు వచ్చింది. ఒకావిడ, ఎనిమిదేళ్ళుగా గ్రూపులో ఉండి ఒక్క మెసేజ్ కూడా పెట్టని ఆవిడ, మైకు తీసుకుంది.

"నాకు పెద్దగా ఏం గుర్తులేవండీ. పొద్దున బడికి వచ్చేటప్పుడు నీళ్ళు తాగేదాన్ని కాదు. మధ్యాహ్నం కూడా తాగేదాన్ని కాదు. సాయంత్రం ఇంటికెళ్ళాకే. మాకు బాత్రూము ఉండేది కాదు కదా. అదే గుర్తుంది."

అంతే చెప్పి కూర్చుంది. షామియానా కింద కూలరు చప్పుడు తప్ప ఏం లేదు. వెనక వరసలో ఆడవాళ్ళందరూ కింద గడ్డి వంక చూస్తున్నారు. ఐదు సెకన్లు, ఆరు సెకన్లు. అప్పుడు మా అడ్మిన్ గారు మైకు అందుకుని "చాలా చక్కగా చెప్పారు మేడమ్, గట్టిగా ఒకసారి చప్పట్లు" అన్నాడు. కొట్టాం. నేను కూడా కొట్టాను.

బాత్రూము ఉండేది మా బళ్ళో. ఒకటుండేది. దానికి తాళం, ఆ తాళంచెవి స్టాఫ్‌రూములో మేకుకి వేలాడుతుండేది. మగపిల్లలకి చుట్టూ పొలాలు, మాకు తోచలేదు కూడా. పెద్దమనిషైన తర్వాత ఒక్కో ఆడపిల్లా బడి ఎందుకు మానేస్తోందో ఐదేళ్ళలో మాకెవరికీ తట్టలేదు, పెళ్ళిళ్ళు కుదిరాయేమో అనుకున్నాం. దేశంలో బడులన్నిటికీ ఆరు నెలల్లో మరుగుదొడ్లు కట్టమని 2012లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చిందంటే అర్థం చేసుకోండి, అప్పటికి మేము బడి వదిలి పదహారేళ్ళు. 2019లో ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం మొదలయ్యాక ఇప్పుడు కట్టారు, టైల్స్ వేసినవి, బాగున్నాయి. అయితే మా సమ్మేళనం రోజున వాటికి తాళం. సెలవులు కదా. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవాలని డ్రోను మాట్లాడినవాడికీ, డీజే మాట్లాడినవాడికీ, ముప్పై ఫ్లెక్సీలు కట్టించినవాడికీ ఒక్కడికీ గుర్తురాలేదు. ఇరవై మంది ఆడవాళ్ళు, ఆ ఎండలో, ఒకే రంగు పట్టుచీరల్లో, ఇద్దరిద్దరుగా పక్కింటి ఆవిణ్ణి బతిమాలుకుని వెళ్ళొచ్చారు. ముప్పై ఏళ్ళ తర్వాత. అదే బడి, అదే తాళం. ఆవిడ ఆ రోజు కూడా నీళ్ళు తాగలేదేమో, నేను అడగలేదు. ఇది నెమరుకి రాదు లెండి. పశువుల డాక్టరు గారు చెప్పారుగా, గడ్డే వస్తుంది.

పేపర్లో మాత్రం శనివారం రాసిందే పడింది. ఆనందోత్సాహాలతో.

లెక్కలు చూసుకుంటే మనిషికి రెండున్నర వేలు, డల్లాస్ వాడివి కొంచెం ఎక్కువ. టీషర్టులు, చీరలు, ఫ్లెక్సీలు, డప్పులు, డీజే, డ్రోను, రెండు రకాల బిర్యానీ, కిళ్ళీలు పోను పదకొండొందల యాభై మిగిలింది. బడికేమన్నా చెయ్యాలి అని ఎవరో అన్నారు, అందరం ఎమోషనల్ అయ్యాం, మన కన్నతల్లి లాంటి బడి అన్నారు. (ఈ కన్నతల్లి దగ్గర మన పిల్లలెంతమంది చదువుతున్నారో చేతులెత్తండి అందామనుకున్నా. అప్పటికే రెండుసార్లు నోరు జారాను కాబట్టి ఊరుకున్నా.) చివరికి గోడగడియారం కొన్నాం. దాని మీద "1995-96 పదవ తరగతి బ్యాచ్ వారి బహూకరణ" అని, చుట్టూ పూలతీగ, కింద అడ్మిన్ గారి పేరూ సెల్ నంబరూ ప్రింట్ చేయించారు, అంకెలకి చోటు చాలక మూడు, ఆరు, తొమ్మిది తీసేశారు. ఒక గడియారాన్ని తొమ్మిది మంది పట్టుకుని హెడ్మాస్టరు గారికి ఇస్తున్న ఫోటో ఆఫీసు గది ముందు తీసుకున్నాం.

బళ్ళు తెరిచాక జూన్ ఆఖర్లో నాకు స్టడీ సర్టిఫికెట్ కావాల్సి వచ్చి వెళ్ళాను. ఆఫీసు గదిలో బీరువా పైన గోడకి ఉంది మా గడియారం. పది గంటల పది నిమిషాలు చూపిస్తోంది, షాపులో అన్ని గడియారాలూ చూపించే టైము. నా ఫోన్లో పన్నెండుంబావు. "ఆగిపోయిందా?" అని అటెండరు గారిని అడిగాను. "తిరిగితే కదండీ ఆగేది, సెల్లు వేసిస్తే కదా" అన్నాడాయన, రిజిస్టరులోంచి తల ఎత్తకుండా.

నేనే ఒక సెల్లు కొని వేసి ఉండొచ్చు. వెయ్యలేదు, నేను కూడా ఆ బ్యాచే కదా. బయటికొచ్చి గ్రూపులో పెట్టాను, మన గడియారానికి సెల్లు లేదంట, ఊళ్ళో ఉన్నవాళ్ళు ఎవరన్నా వేయించండి, పదిహేనో ఇరవయ్యో అవుద్ది అని. పద్నాలుగు బొటనవేళ్ళు, ఆరు దండాలు, ఒక ఎర్ర హార్టు వచ్చాయి. క్లాస్‌మేట్ భర్తగారు "ఆ పాత రోజులే వేరు" అన్నాడు. సాయంత్రం అడ్మిన్ గారు వాయిస్ మెసేజ్ పెట్టాడు, చాలా మంచి సూచన బ్రదర్, వచ్చే మేలో మన రెండో ఆత్మీయ సమ్మేళనం గోవాలో అనుకుంటున్నాం కదా, అక్కడే స్టేజీ మీద హెడ్మాస్టరు గారిని పిలిచి సెల్లు బహూకరణ కార్యక్రమం పెట్టుకుందాం, శాలువా కూడా కప్పుదాం అని.